పది నంబరు పానా

సైకిల్ షాపు, వెనక బల్ల
జూన్ 4

మామయ్యా,

మా పఠనాలయం గొంతు పిసికింది నువ్వే. ఇంకెవరి మీదికీ తోసెయ్యకు. ఉత్తర్వు పోగొట్టింది రికార్డుల విభాగం, ఆ విభాగానికి అధికారివి నువ్వు, కింద సంతకం నీది. అమ్మకు తమ్ముడివి కాబట్టి ఈ మాట ఉత్తరంలో చెబుతున్నాను. వేరేవాడైతే గోడ మీద రాసేదాన్ని.

జరిగింది విను. సోమవారం మునిసిపాలిటీ మనిషి వచ్చి పఠనాలయం తలుపుకు నోటీసు అంటించి పోయాడు. ఈ గది మీకిచ్చినట్టు కేటాయింపు ఉత్తర్వు ఉంటే చూపించండి, లేకపోతే సెప్టెంబరు నెలాఖరుకి ఖాళీ చెయ్యండి, ఇక్కడ కార్లు పెట్టుకునే షెడ్డు వేస్తాం అని. నిశ్శబ్దం తాతయ్య నీకు తెలుసుగా, ముప్పయ్యేళ్లుగా ఆ గదిని కనిపెట్టుకుని ఉన్నాయన. ఎవరు దగ్గినా "నిశ్శబ్దం!" అని ఒక్క అరుపు అరుస్తాడు, ఆ అరుపుకి పక్క వీధిలో కుక్కలు లేస్తాయి. ఆయన నోటీసు చదివి నవ్వాడు. "ఉత్తర్వు లేకపోవడమేంటమ్మా, బీరువాలో బంగారంలా ఉంది" అన్నాడు. తాళం తీసి, మెత్తటి గుడ్డలో చుట్టిన సీడీ ఒకటి బయటికి తీశాడు. ఆరేళ్ల కిందట మీ ఆఫీసే ఇచ్చిందట. కాగితాన్ని చెదలు తింటుంది, ఇదైతే శాశ్వతం అని చెప్పి, ఆయన దగ్గరున్న అసలు కాగితం తీసేసుకుని తుక్కులో వేశారట.

శాశ్వతమట! నెట్ సెంటర్లో పెట్టి చూశాం. ఈ పత్రం పాత తరహాది, దీన్ని చేసిన కంపెనీ సాఫ్ట్‌వేర్ ఉంటేనే తెరుచుకుంటుంది అంది కంప్యూటర్. ఆ సాఫ్ట్‌వేర్ కోసం అడిగితే, కంపెనీవాళ్లు దాన్ని మానేసి నాలుగేళ్లయిందట. బలవంతాన తెరిస్తే వచ్చినవి ఖాళీ డబ్బాలు, ప్రశ్నార్థకాలు, నడిమధ్య ఒక గుండె గుర్తు. తాతయ్య ఆ గుండె గుర్తు వంకే చూస్తూ నిలబడిపోయాడు. ఆ సాయంత్రం నేను కావాలని రెండుసార్లు దగ్గాను. ఏమీ అనలేదు. అప్పుడు భయం వేసింది నాకు.

పదో తరగతి తప్పి పానాలు పట్టుకున్నదాన్ని, నన్ను మనిషిని చేసింది ఆ గది. అక్కడి పాత కరపత్రాల కట్టలు విప్పుకుని చదివే కదా నాకు నోరొచ్చింది! ఆ నోటితోనే అడుగుతున్నాను. ఇల్లు మనది, తాళంచెవి కంపెనీది, ఇదెక్కడి కాపురం మామయ్యా?

కాగితం మీద ఎందుకు రాశానంటావేమో. నా పుట్టినరోజుకి నువ్వు పంపిన ఆశీస్సుల ఫైలు కూడా నా ఫోన్లో తెరుచుకోలేదు. కాగితానికి ఆ రోగం లేదు.

నమస్కారం పెట్టడం లేదు. కోపం తగ్గాక కలిపి పెడతాను.

నీ మేనకోడలు


రికార్డుల విభాగం, రెండో అంతస్తు
జూన్ 13

చిరంజీవి టపాకాయకు మామయ్య ఆశీస్సులు. (ఇవి తెరుచుకుంటాయి, చూసుకో.)

మీ అమ్మ నీకేం పేరు పెట్టిందో గానీ, ఉయ్యాల్లో నేను పెట్టిన పేరే సార్థకమైంది. నీ ఉత్తరం నా బల్ల మీద పేలితే పక్క సీటు గుమాస్తా టీ ఒలకబోసుకున్నాడు. "ఎవరు సార్?" అన్నాడు. "ప్రజలు" అన్నాను.

నిజమే, సంతకం నాదే. ఆరేళ్ల కిందట ఆ కంపెనీ సాఫ్ట్‌వేర్ తెరిచి చూపిస్తే నా కళ్లు జిగేల్మన్నాయి. అక్షరాలు ముత్యాలు, అంచులకు గీతలు, మూలన రాజముద్ర దానంతటదే పడుతుంది! ఇరవయ్యేళ్లు దుమ్ము పీల్చినవాణ్ణి, మురిసిపోయాను. రేపెవరు తెరుస్తారు, దేంతో తెరుస్తారు అని ఆలోచించలేదు. పెళ్లిచూపుల్లో చీర చూసి వచ్చినవాడిలా వచ్చాను.

సీడీ పంపు, ఇక్కడ ప్రయత్నిస్తాను. ఇంకో మాట, నీ దగ్గరే ఉంచుకో. ప్రభుత్వ పత్రాలన్నీ ఇకమీద ఏ తీరులో దాచాలో తేల్చడానికి ఏడుగురితో ఒక సంఘం వేశారు. ఆ ఏడుగురిలో నేనొకణ్ణి. కొందరు ఉన్న కంపెనీ చాలదా అంటున్నారు. కొందరు బహిరంగ ప్రమాణం కావాలంటున్నారు, అంటే పత్రం లోపలి కట్టుబడి ఏంటో అందరికీ తెలిసేలా రాసిపెట్టి ఉండాలి, ఎవరు కావాలన్నా దాన్ని తెరిచే సాధనం తయారుచేసుకోగలగాలి. నేను ఇంకా ఎటూ చెప్పలేదు. గోడ మీద పిల్లి అంటావు. అను. ఈ గోడ మీద కూర్చుంటే నడుం నొప్పి వస్తుందని మాత్రం తెలిసింది.

మీ మామయ్య


సైకిల్ షాపు
జూన్ 25

మామయ్యా,

సీడీ పంపుతున్నాను. గుడ్డతో సహా తిరిగి కావాలని తాతయ్య ఆజ్ఞ.

నువ్వు రాసిన ప్రమాణం సంగతి మొదట బోధపడలేదు. మర్నాడు షాపులో బోధపడి ఎగిరి గంతేశాను, షాపాయన ఏదో కుట్టిందనుకుని పంపు అందుకున్నాడు.

ఏమైందంటే, ఒకాయన మెరిసిపోయే కొత్త సైకిల్ తెచ్చాడు. వెనక చక్రం ఊగుతోంది. బోల్టు చూస్తే ఆరు మూలలూ లేవు, పువ్వులా ఏదో వింత ఆకారం. నా దగ్గరున్న పానాలేవీ పట్టలేదు. "కంపెనీ పానా ఉంటేనే విప్పుకోవాలండీ" అన్నాను. "ఆ కంపెనీ మూసేశారు" అన్నాడాయన, ఏడవలేక నవ్వుతూ. అదే సమయానికి చిలుము పట్టిన ముసలి సైకిల్ ఒకటి వచ్చింది. మా షాపాయన కంటే పెద్దది వయసులో. పది నంబరు పానా పెట్టాను, కిర్రుమని తిరిగింది! ఆ బోల్టు చేసినవాడెవడో, నా పానా చేసినవాడెవడో, ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. పది అంటే ఎంతో ఇద్దరూ ఒప్పుకున్నారు, అంతే! ఒప్పుకున్న ఆ కొలత ఎవడి సొత్తూ కాదు.

ఇదేగా మీ సంఘం తేల్చాల్సింది? ఏడుగురు పెద్దమనుషులు, అన్ని నెలలు! మా షాపులో స్టూలు వేస్తాను, వచ్చి కూర్చోండి, పావుగంటలో తేలుస్తాను.

నేను కరపత్రం రాస్తున్నాను. పేరు "పువ్వు బోల్టు ప్రభుత్వం". టైపు చేయించి వెయ్యి కాపీలు వేయిస్తాను. నీ పదవి పేరు మొదటి వాక్యంలోనే ఉంటుంది. ముందే చెబుతున్నా, తరవాత అమ్మతో చెప్పి ఏడవకు.

కోపం పావు వంతు తగ్గింది. కాబట్టి పావు నమస్కారం.


సైకిల్ షాపు
జూలై 2

మామయ్యా,

నవ్వనని ఒట్టేస్తేనే కింద చదువు.

వేశావా?

కరపత్రం నాలుగు పేజీలు నిన్న నెట్ సెంటర్లో నేనే కూర్చుని టైపు చేశాను. ఎంత బాగా వచ్చిందంటే, చదువుతుంటే నాకే రోమాలు నిక్కబొడుచుకున్నాయి. పెన్‌డ్రైవ్‌లో వేసుకుని, ఇవాళ ప్రింటింగ్ ప్రెస్‌కి పరిగెత్తాను. ప్రెస్సాయన తెరవబోయాడు. తెరుచుకోలేదు. మళ్లీ నెట్ సెంటర్‌కి పరిగెత్తాను. అక్కడా తెరుచుకోలేదు. నేను టైపు చేసింది ఆ కంపెనీవాళ్లు ముప్పై రోజులు ఉచితంగా ఇచ్చే కొత్త సాఫ్ట్‌వేర్లోనట. ముప్పయ్యో రోజు నిన్నటితో అయిపోయిందట.

తాళాల మీద నేను రాసిన నాలుగు పేజీల తిరుగుబాటు ఇప్పుడు తాళంలో ఉంది, మామయ్యా!

నిశ్శబ్దం తాతయ్యకు చెప్పాను. ఆయన నవ్వి నవ్వి, కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ నవ్వి, పఠనాలయంలో చదువుకునే అందరూ తలెత్తి చూస్తే తనకి తనే "నిశ్శబ్దం!" అని అరుచుకున్నాడు. నోటీసు వచ్చాక ఆ మాట వినడం అదే మొదలు. నా కరపత్రం ఆ ఒక్క పనైనా చేసింది.


రికార్డుల విభాగం
జూలై 15

చిరంజీవి తాళంలోని టపాకాయకు,

ఒట్టు తీసి గట్టు మీద పెట్టాను. సంఘం సమావేశంలో ఉండగా నీ ఉత్తరం గుర్తొచ్చి కిసుక్కుమన్నాను. అధ్యక్షులవారు "ఏమిటి విషయం?" అన్నారు. "పొలమారిందండీ" అన్నాను. మంచినీళ్లు తెప్పించారు. నీ మూలాన రెండు గ్లాసులు తాగాను.

ఇక నవ్వు ఆపేసే సంగతి. మీ సీడీని ఇక్కడ మూడు కంప్యూటర్లలో పెట్టాం. మూడింట్లోనూ గుండె గుర్తే. కంపెనీకి రాశాను. "ఆ తరహా పత్రాలకు మా సేవలు ముగిశాయి, కొత్తది తీసుకోగలరు" అని బదులు. కొత్తది తెప్పించి చూశాం. కొత్తది తన తాతను గుర్తుపట్టలేదు. నిన్న వాళ్ల ప్రతినిధి సంఘానికొచ్చి మాదీ బహిరంగమేనంటూ ఒక పుస్తకం బల్ల మీద పెట్టాడు. దాన్ని మోయడానికి ఇద్దరు పట్టారు. తిరగేస్తే ఒకచోట, "ఇక్కడ మా పాత సాఫ్ట్‌వేర్ చేసినట్టే చెయ్యాలి" అని ఉంది. అది ఏం చేసేదండీ అన్నాను. అది వ్యాపార రహస్యమన్నాడు. ఏడుగురం మొహాలు చూసుకున్నాం.

మీ ఉత్తర్వు ఒక్కటే కాదమ్మా. ఆ ఏడాదివి రెండు వేల పైచిలుకు అలాగే ఉన్నాయి. నేనే వరసగా పెట్టించి చూశాను. నాకు ఈమధ్య అన్నం సహించడం లేదు.

మీ మామయ్య


సైకిల్ షాపు
జూలై 22

మామయ్యా,

నీ ఉత్తరంలో "సహించడం లేదు" తరవాత ఒక వాక్యం రాసి కొట్టేశావు. కిటికీకి ఆనించి, ఎండ వెనక నుంచి పడేలా పట్టుకుంటే మొత్తం కనిపించింది. "రెండుసార్లమ్మ దగ్గర ఉండొచ్చు గానీ ఏ మొహం పెట్టుకుని."

ఎవరీవిడ? నీ మొహానికేమైంది?

చెప్పకపోతే నేనే వస్తాను. సైకిల్‌కి గాలి కొట్టి ఉంచాను.


ఇంటి నుంచి
జూలై 30

అమ్మాయ్,

ఇది ఆఫీసులో రాయలేను.

ఆవిడ మా విభాగంలో టైపిస్టు. కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చినప్పుడు ఆవిడ బల్ల మీద ఒక ముసలి ప్రింటర్ ఉండేది. గిర్రుమంటూ చుక్కలు చుక్కలుగా అక్షరం కొట్టేది. దానికి కొత్త ఫైళ్లు తలకెక్కవు. అందుకని ఆవిడ ప్రతి ఉత్తర్వునూ రెండుసార్లు దాచేది. నేను చెప్పిన తీరులో ఒకటి, ఆ ప్రింటర్ కోసం ఇంకొకటి. రెండోదాంట్లో రంగుల్లేవు, గీతల్లేవు, ముద్రల్లేవు. ఉత్త అక్షరాలే. ఏ యంత్రమైనా చదివే అక్షరాలు. ఆఫీసంతా రెండుసార్లమ్మ అని ఏడిపించేవాళ్లు. ఆ పేరు పెట్టింది నేను.

ఒకరోజు నేను తెచ్చిన కొత్త విధానం మీద ఈవిడకు నమ్మకం లేదని తోచి ఒళ్లు మండింది. మెమో ఇచ్చాను. "ఒకే పని రెండుసార్లు చేయుట, కాలహరణము, ధిక్కారము." ఏడు రోజుల్లో జవాబివ్వమన్నాను. ఇచ్చింది. చదవకుండానే కింద స్టోర్సుకు బదిలీ చేయించాను. ఆరేళ్లుగా ఆ నేలమాళిగలో చీపుళ్లు, ఫినాయిల్ డబ్బాలు లెక్కపెడుతోంది.

నా గది నుంచి అక్కడికి మూడు మెట్ల వరసలు. ఎన్నిసార్లు మొదటి వరస దిగి తిరిగి ఎక్కానో నాకే తెలుసు.

మామయ్య


సైకిల్ షాపు
ఆగస్టు 11

మామయ్యా,

పోయిన ఆదివారం రాత్రి, మర్నాడు పిక్నిక్ ఉందని అమ్మతో చెప్పి పడుకున్నాను, సోమవారం తెల్లారగట్లే బయల్దేరి నలభై కిలోమీటర్లు తొక్కి మీ ఆఫీసుకొచ్చాను. నీ గదికి రాలేదు. తిన్నగా కిందికి దిగాను.

నేలమాళిగలో ఫినాయిల్ వాసనకి కళ్లమ్మట నీళ్లు. చీపుళ్ల గోడ వెనక ఒకావిడ కూర్చుని ఉంది. నేనెవరో చెప్పగానే ఎగాదిగా చూసింది.

"ఓహో, మెమోగారి మేనకోడలివా? ముక్కు ఆయనదే. కోపం కూడా ఆయనదేనా?"

"కోపం నా సొంతమండీ పిన్నిగారూ" అన్నాను.

"ఏం కావాలి? చీపురా, బకెట్టా?"

"ఉత్తర్వు కావాలండీ. ఉత్త అక్షరాలది."

ఆవిడ చేతిలో పెన్ను కింద పెట్టింది. తరవాత లేచి, ఫినాయిల్ డబ్బాల వెనక నుంచి రెండు బూట్ల పెట్టెలు లాగింది. సీడీలు, మామయ్యా! నెలవారీగా, తేదీలవారీగా, ఒక్కోదాని మీద చక్కటి దస్తూరీ. బదిలీ ఆర్డరు చేతికొచ్చిన రోజు మధ్యాహ్నమంతా కూర్చుని అన్నీ ఎక్కించుకుందట. "పారేస్తారని తెలుసు. ఫినాయిల్ జోలికి ఎవరూ రారని కూడా తెలుసు" అంది.

స్టోర్సు కంప్యూటర్లో పెట్టింది. ఒక్క నొక్కు. డబ్బాల్లేవు, గుండె గుర్తు లేదు. "పఠనాలయము నిమిత్తము ఈ దిగువ గదిని శాశ్వతముగా కేటాయించడమైనది." నేను కేక పెట్టాను. చీపుళ్ల కట్ట మీద పడింది. ఇద్దరం చీపుళ్ల మధ్య నిలబడి ఒకటే నవ్వు. అక్కడికక్కడే నా ఫోన్‌కి పంపింది. నా డొక్కు ఫోన్లో, పుట్టినరోజు ఆశీస్సులు తెరుచుకోని నా ఫోన్లో, తెరుచుకుంది!

వచ్చేముందు నీ మెమోకి తనిచ్చిన జవాబు చూపించింది. ఒకటే వాక్యం. "అయ్యా, రేపు వచ్చే మనిషి చేతిలో ఏ యంత్రం ఉంటుందో నాకు తెలియదు, అందుకని అందరికీ పనికొచ్చేది ఒకటి దాస్తున్నాను." ఆరేళ్ల కిందట ఆవిడ నీకు పది నంబరు పానా ఇచ్చింది మామయ్యా. నువ్వు చీపురిచ్చావు.

ఇప్పుడు చిక్కేంటంటే, ఉత్తర్వు కాపీ తీసుకెళ్లి మునిసిపాలిటీలో ఇచ్చాం. రికార్డుల అధికారి "నిజమైన నకలు" అని సంతకం పెట్టాలట. అంటే నీ మెరిసే ఫైలు చచ్చిపోయిందనీ, నువ్వు తప్పుపట్టిన ఫైలే బతికుందనీ నువ్వే రాసివ్వాలి. పైగా అధికారిక ఫైలు సీడీలోదే కాబట్టి, మీ సంఘం నియమం మారిస్తేనే ఇది చెల్లుతుందట.

పఠనాలయం ఇప్పుడు నీ పెన్ను మొన మీద నిలబడింది. గోడ దిగు మామయ్యా.


రికార్డుల విభాగం, నేలమాళిగ
సెప్టెంబరు 5

చిరంజీవి టపాకాయకు,

పైన ఏ అంతస్తు రాశానో చూశావా?

నలభై కిలోమీటర్లు తొక్కి వచ్చినదానివి రెండంతస్తులు ఎక్కి నన్ను చూడలేదని మూడు రోజులు అలిగాను. నాలుగో రోజు, ఆరేళ్లుగా నేను దిగలేనివి మూడు మెట్ల వరసలేనని గుర్తొచ్చి సిగ్గేసింది. దిగాను.

"ఏం కావాలి సార్, చీపురా?" అంది.

"మెమో రద్దు చేస్తూ రాసుకొచ్చానమ్మా" అన్నాను.

తీసుకుని చదివింది. "ఒక కాపీయేనా? ఇంకోటేది?" అంది.

నేను నవ్వాలో ఏడవాలో తెలియక ఫినాయిల్ డబ్బా మీద కూర్చున్నాను. అది మూత సరిగా లేని డబ్బా. ఈ ఉత్తరం వాసనకి కారణం అదే.

నకలు మీద సంతకం పెట్టాను. రెండు వేల పైచిలుకు నకళ్లకీ పెడుతున్నాను, చెయ్యి పీకుతోంది, అన్నం సహిస్తోంది. సంఘంలో నా మాట లిఖితంగా ఇచ్చేశాను. ప్రభుత్వ పత్రం ఏదైనా బహిరంగ ప్రమాణంలోనే ఉండాలి, అలాంటి పాత నకళ్లు చెల్లాలి. ఇప్పుడు అటు ముగ్గురు, ఇటు ముగ్గురు. మధ్యలో అధ్యక్షులవారు. ఆయన అనేదొకటే. "ఇది సాంకేతిక విషయమయ్యా, జనానికి దీంతో ఏం పని? కిందటి బహిరంగ విచారణకు నలుగురొచ్చారు, అందులో ఇద్దరు వాన పడుతోందని లోపలికొచ్చినవాళ్లు."

ఆఖరి విచారణ సెప్టెంబరు 25, గురువారం. హాల్లో రెండు వందల కుర్చీలున్నాయి. నీ కరపత్రం సంగతేం చేశావు? మొదటి వాక్యంలో నా పదవి పేరు ఉంచు. తీశావంటే అమ్మతో చెబుతాను.

మామయ్య


పఠనాలయం
సెప్టెంబరు 16

మామయ్యా,

నిండు నమస్కారం. ముప్పావు బాకీతో సహా.

ఈసారి టైపు చెయ్యలేదు. పఠనాలయంలో పెద్ద బల్ల చుట్టూ ఇరవై మందిమి కూర్చుని చేత్తో రాస్తున్నాం. ఒకరు గుండ్రంగా, ఒకరు కోడి గెలికినట్టు. ఎవరు రాసినా ఎవరైనా చదవొచ్చు. షాపాయన సైకిళ్లన్నిటికీ గాలి కొట్టి ఇచ్చాడు. రెండుసార్లమ్మ పిన్నిగారికి ముందు వరసలో కుర్చీ, నువ్వే వేయాలి. ఒక కాపీ నీకు పంపుతున్నాను. ఇంకో కాపీ కూడా.

"అందరికీ,

రికార్డుల విభాగాధికారి ఒక తప్పు చేశాడు. మన కాగితాలన్నీ ఒక కంపెనీ పెట్టెలో పెట్టి తాళంచెవి వాళ్లకే వదిలేశాడు. కంపెనీ తాళంచెవి పారేసుకుంది. ఆ పెట్టెలో మన పఠనాలయం ఉంది. రెండు వేల మంది ఉత్తర్వులున్నాయి. మీదీ ఉందేమో. ఆ అధికారి తప్పు ఒప్పుకున్నాడు, మీ అందరి ఎదుట మళ్లీ ఒప్పుకుంటాడు. ఆయన్ని తిట్టడానికి రావద్దు, ఆ పని మేనకోడలు పూర్తి చేసింది.

ఇకమీద ప్రభుత్వం రాసే ప్రతి కాగితమూ ఎవరి యంత్రంతోనైనా తెరుచుకోవాలని అడగడానికి రండి. మీ దగ్గర తెరుచుకోని ఫైలు ఏదైనా ఉంటే వెంట తెచ్చుకోండి. పెళ్లి ఫోటోలు, మార్కుల జాబితా, మామయ్య పంపిన ఆశీస్సులు, ఏదైనా సరే. చెయ్యెత్తి చూపిద్దాం. జనానికి దీంతో ఏం పనో అప్పుడు తెలుస్తుంది.

నిశ్శబ్దం తాతయ్య కూడా వస్తున్నాడు. ఆ ఒక్క పూట ఎవరినీ నిశ్శబ్దంగా ఉండమనడు.

సెప్టెంబరు 25, గురువారం. పరిపాలన భవనం, కింది అంతస్తు, పెద్ద హాలు. సైకిళ్లు పఠనాలయం ముందు నుంచి తెల్లవారి ఆరింటికి కదులుతాయి. విచారణ సరిగ్గా పదిన్నరకి. తలుపు తెరిచే ఉంటుంది."